పి-53 ప్రోటీను: అసలు ప్రతి కోసం పదేళ్ల వెదుకులాట

తాటాకు ప్రతులను సరిచూచి కావ్యాలను పరిష్కరించే పండితులకు ఒక చిక్కు తరచుగా ఎదురవుతూ ఉంటుంది. ఒకే కావ్యానికి నాలుగైదు ప్రతులు దొరుకుతాయి. ఒక్కొక్క ప్రతిలో ఒక్కొక్క పాఠం ఉంటుంది. ఏది కవి వ్రాసినదో, ఏది లేఖకుని చేతిలో మారినదో చూచిన వెంటనే తెలియదు. ప్రతులన్నిటినీ ప్రక్క ప్రక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చవలసి ఉంటుంది. ఇరవయ్యవ శతాబ్దపు చివరి భాగంలో జీవశాస్త్రజ్ఞులకు కూడా ఇట్టి చిక్కే వచ్చింది. వారి చేతిలో ఉన్నది కావ్యం కాదు, ఒక జన్యువు. అందులో ఒకటి రెండు అక్షరాలు మారి ఉండటం వల్ల, కేన్సరును అరికట్టే ఒక ప్రోటీనును కేన్సరును పుట్టించే ప్రోటీనుగా చాలా ఏళ్లు భావించారు.

ఆ ప్రోటీను పేరు పి-53. మానవులకు వచ్చే కేన్సరులలో ఇంచుమించు సగం వాటిలో దీని జన్యువు చెడిపోయి ఉంటుంది. అందువల్ల దేశదేశాల పరిశోధనాలయాలలో దీనిమీద విరివిగా పని జరుగుతున్నది. ఆ పనికి కావలసిన మానవ పి-53 ప్రోటీనును సాధారణంగా మానవ దేహం నుంచి తీయరు. బాక్టీరియాల చేత, కీటకాల కణాల చేత తయారు చేయిస్తారు. ఒక జీవి జన్యువును వేరొక జీవిలో చేర్చి ఈ విధంగా తయారు చేయించిన ప్రోటీనులకు పునస్సంయోజిత ప్రోటీనులని పేరు. పి-53 ఈ దశకు వచ్చిన చరిత్ర ఎట్టిదో, మధ్యలో జరిగిన పొరపాటు ఏమిటో, అది ఎట్లా తీరిందో చూద్దాం.

డి.ఎన్.ఏ.ను పట్టుకొనే ప్రోటీనులు

జీవకణపు కేంద్రకంలో ఉండే డి.ఎన్.ఏ. రెండు పేటలుగా మెలికపడి ఉంటుందని 1953లో వాట్సన్, క్రిక్ అనే శాస్త్రజ్ఞులు తెలియజేశారు. ఈ పేటల పొడవునా ఎడినిన్, గ్వానిన్, సైటోసిన్, థైమిన్ అనే నాలుగు క్షారాలు వరుస తీరి ఉంటాయి. వీటిని ఏ, జి, సి, టి అనే నాలుగు అక్షరాలతో సూచిస్తారు. ఏ ప్రోటీనులో ఏ అమైనో ఆమ్లాలు ఏ వరుసలో ఉండాలో ఈ అక్షరాల క్రమమే నిర్ణయిస్తుంది.

మన దేహంలో కాలేయపు కణంలోనూ, నాడీకణంలోనూ ఉన్న డి.ఎన్.ఏ. దాదాపు ఒకటే. అయినా ఆ రెండు కణాల రూపం వేరు, పని వేరు. ఒక కణంలో చదవబడే జన్యువులు మరొక కణంలో చదవబడకుండా ఉండటమే దీనికి కారణం. మరి ఏ జన్యువును ఎప్పుడు చదవాలో నిర్ణయించేది ఏది? 1961లో పారిస్ నగరంలో ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మోనో అనేవారు దీనికి ఒక సమాధానం సూచించారు. కణంలో కొన్ని నియంత్రక పదార్థాలు ఉంటాయనీ, అవి జన్యువును అదుపులో పెడతాయనీ వారి ఊహ. అప్పటికి అట్టి పదార్థాన్ని ఎవరూ చేతితో పట్టుకొన్నవారు లేరు.

1966లో హార్వర్డు విశ్వవిద్యాలయంలో వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్-హిల్ అనేవారు పాలచక్కెరను వాడుకొనే జన్యువులను అదుపుచేసే నియంత్రకాన్ని బాక్టీరియాల నుంచి వేరుచేశారు. అది ప్రోటీనే అని తేలింది. మరుసటి సంవత్సరం అదే విశ్వవిద్యాలయంలో మార్క్ టాష్నే ఒక వైరసుకు చెందిన నియంత్రకాన్ని వేరుచేసి, అది తనకు చెందిన డి.ఎన్.ఏ. భాగాన్నే పట్టుకొంటుందని చూపాడు. వేల అక్షరాల వరుసలో తనకు కావలసిన కొద్ది అక్షరాలను గుర్తుపట్టి, అక్కడే అతుక్కొని ఉండటం ఈ ప్రోటీనుల ప్రత్యేకత.

ఈ పరిశోధనలో ఎదురైన పెద్ద కష్టం కొరత. గిల్బర్ట్, ముల్లర్-హిల్‌ల లెక్క ప్రకారం ఆ నియంత్రకం ఒక్కొక్క జన్యువుకు పది అణువుల చొప్పున మాత్రమే ఉంటుంది. దానిని కొలవడానికే ఎంతో ఉపాయం కావలసి వచ్చింది. బాక్టీరియాలను ఎంతయినా పెంచవచ్చును గనుక వారు ఎట్లాగో నెట్టుకొని రాగలిగారు. మానవ కణాలలోని ఇట్టి ప్రోటీనుల సంగతి ఇంకా కష్టం. కణాలను పెంచటం ఖర్చుతో కూడినది. దొరికే సరుకు బహు స్వల్పం.

కోతి వైరసు చూపిన దారి

1960లో పోలియో టీకాను తయారుచేయడానికి వాడే కోతి మూత్రపిండపు కణాలలో ఒక వైరసు కనబడింది. దానికి ఎస్.వి.-40 అని పేరు పెట్టారు. ఈ వైరసు హామ్‌స్టర్ అనే చిన్న జంతువులలో కణితులు పుట్టించగలదని తేలినందువల్ల, కేన్సరు పరిశోధకులు దానిని శ్రద్ధగా పరిశీలించసాగారు. వైరసు తయారుచేసే పెద్ద టి అనే ప్రోటీను వల్ల కణాల స్వభావం మారుతున్నదని కూడా తెలిసింది.

కణితులు ఉన్న జంతువుల రక్తంలో ఈ టి ప్రోటీనుకు విరుద్ధంగా ప్రతిరక్షకాలు పుడతాయి. ఆ ప్రతిరక్షకాలతో కణరసంలో నుంచి టి ప్రోటీనును బయటికి లాగవచ్చును. 1979లో లండనులో డేవిడ్ లేన్, లయొనెల్ క్రాఫర్డ్ ఈ విధంగా లాగి చూడగా, టి ప్రోటీనుతో పాటు మరొక ప్రోటీను కూడా వెంట వచ్చింది. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో డేనియల్ లిన్జర్, ఆర్నల్డ్ లెవైన్‌లకు కూడా అదే కనబడింది. ఫ్రాన్సులోనూ ఒక బృందం దీనిని చూచింది. న్యూయార్కులో లాయిడ్ ఓల్డ్ బృందం రసాయనాల వల్ల చుంచెలుకలలో పుట్టిన కణితులను పరిశీలిస్తూ, వేరొక దారిన వచ్చి, ఇదే ప్రోటీనును చేరుకొన్నది.

విద్యుత్తు ప్రవహించే జెల్లీ పలకలో ఈ ప్రోటీను కదిలిన వేగాన్ని బట్టి దాని అణుభారం సుమారు 53 వేలు అని అంచనా వేశారు. పి-53 అనే పేరు అందువల్ల వచ్చింది. నిజానికి మానవ పి-53లో 393 అమైనో ఆమ్లాలున్నాయి. దాని అణుభారం 44 వేలకు మించదు. అందులో ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉన్నందున పలకలో అది మెల్లగా కదిలి, ఉన్నదానికన్న బరువైనదిగా కనబడింది. బరువు విషయంలో పొరపాటు దిద్దుకొన్నారు గాని పేరు మాత్రం అట్లాగే నిలిచిపోయింది.

పి-53 వైరసు తయారుచేసినది కాదు. కణంలో సహజంగా ఉన్నదే. ఆరోగ్యవంతమైన కణాలలో అది కనబడీ కనబడనంత కొద్దిగా ఉంటుంది. తయారైన కొద్ది నిమిషాలకే విచ్ఛిన్నమై పోతుంది. అనేక కేన్సరు కణాలలో అయితే కుప్పలుగా పేరుకొని ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నచోట లేదు, కేన్సరు ఉన్నచోట నిండుగా ఉన్నది గనుక, కేన్సరుకు ఇదే కారణమై ఉండవచ్చునని అనుకోవడం ఆనాడు సహజమే.

జన్యువుకు ప్రతులు తీయడం

1973లో స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు డి.ఎన్.ఏ. ముక్కలను ఎంజైములతో కత్తిరించి, అతికించి, బాక్టీరియాలో ప్రవేశపెట్టే పద్ధతిని చూపారు. 1978లో మానవ ఇన్సులిన్‌ను బాక్టీరియాల చేత తయారు చేయించారు. 1982లో అది ఔషధంగా అమెరికా ప్రభుత్వపు ఆమోదం పొందింది. అల్పంగా దొరికే ప్రోటీనులను కోరినంతగా తయారు చేసుకోవడానికి ఈ పద్ధతి ఉపాయం చూపినది.

పి-53కు ఈ పద్ధతిని వర్తింపజేయాలంటే మొదట దాని జన్యువును పట్టుకోవాలి. ఇందుకు ఒక సులభమైన మార్గం ఉన్నది. ప్రోటీను తయారీకి ముందు కణం ఆ జన్యువుకు ఆర్.ఎన్.ఏ. రూపంలో నకలు తీసుకొంటుంది. ఆ ఆర్.ఎన్.ఏ.ను వేరుచేసి, ఒక ఎంజైము సాయంతో తిరిగి డి.ఎన్.ఏ.గా మార్చి, ప్లాస్మిడ్ అనే గుండ్రని డి.ఎన్.ఏ.లో అతికించి, బాక్టీరియాలో పెడితే అది అసంఖ్యాకంగా ప్రతులు తీస్తుంది. 1983 మొదలుకొని అమెరికా, ఇజ్రాయెల్, బ్రిటన్ దేశాలలోని బృందాలు మొదట చుంచెలుక జన్యువుకు, తరువాత మానవ జన్యువుకు ఈ విధంగా ప్రతులు తీశాయి.

ఆర్.ఎన్.ఏ. ఎక్కడ సమృద్ధిగా దొరుకుతుందో అక్కడి నుంచి తీసుకోవటం పరిశోధకులకు వాడుక. పి-53 సమృద్ధిగా ఉన్నది కేన్సరు కణాలలో, లేదా పరిశోధనాలయాలలో ఏళ్ల తరబడి పెంచుతున్న మారిన కణాలలో. తొలి ప్రతులలో అనేకం అట్టి కణాల నుంచి వచ్చినవే.

1984లో మూడు బృందాలు ఈ ప్రతులను ఎలుకల కణాలలో ప్రవేశపెట్టి చూచాయి. రాస్ అనే మరొక కేన్సరు జన్యువుతో కలిపి పెట్టినప్పుడు పి-53 వల్ల ఆరోగ్యమైన కణాలు కేన్సరు కణాలుగా మారినాయి. పి-53 కేన్సరును పుట్టించే జన్యువని దీనితో స్థిరపడిపోయింది. పరీక్ష సక్రమంగా జరిగినది. ఫలితం మూడు చోట్లా ఒకటే. శంకించడానికి కారణం కనబడలేదు.

పాఠాంతరాలు బయటపడటం

కొన్ని విషయాలు మాత్రం ఈ నిర్ణయానికి పొసగలేదు. 1985లో ఒక మానవ రక్తకేన్సరు కణజాతిలో పి-53 జన్యువు అసలే లేదని తెలిసింది. వైరసు వల్ల చుంచెలుకలకు వచ్చే ఒక రక్తకేన్సరులో కూడా ఆ జన్యువు తునిగిపోయి ఉన్నది. కేన్సరును పుట్టించేది పి-53 అయితే, అది లేనిచోట కేన్సరు ఎట్లా వచ్చింది?

ప్రిన్స్‌టన్‌లో లెవైన్ బృందం దగ్గర ఉన్న ఒక ప్రతి ఇతరుల ప్రతుల వలె పనిచేయలేదు. రాస్ జన్యువుతో కలిపి ఎన్ని పర్యాయాలు పెట్టినా కణాలు కేన్సరు కణాలుగా మారలేదు. అప్పుడు ప్రతులన్నిటి అక్షరక్రమాన్ని పోల్చి చూచారు. ఒక ప్రతిలో ఉన్న అక్షరం మరొక ప్రతిలో లేదు. పనిచేస్తున్నవని అనుకొన్న ప్రతులలోనే ఉత్పరివర్తనాలు, అనగా మార్పులు, ఉన్నాయి. ఎక్కువమంది వాడిన ఒక చుంచెలుక ప్రతిలో 135వ అమైనో ఆమ్లం ఎలనిన్ ఉండవలసిన చోట వాలిన్ ఉన్నది. మార్పు లేని ప్రతియే అసలు పాఠం.

1989లో లెవైన్ బృందంలోని కాథీ ఫిన్లే, ఫిలిప్ హిండ్స్ అసలు పాఠం గల జన్యువుతో పరీక్షలు చేశారు. అది కేన్సరును పుట్టించకపోవటమే కాదు, ఇతర జన్యువులు పుట్టించే కేన్సరును అణచివేసింది. ఇజ్రాయెల్‌లో మోషే ఓరెన్ బృందానికి కూడా ఆ సంవత్సరమే ఇదే ఫలితం వచ్చింది.

అదే 1989లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో బెర్ట్ వోగెల్‌స్టైన్ బృందం మానవుల పెద్దపేగు కేన్సరులను పరిశీలిస్తున్నది. ఈ కణితులలో 17వ క్రోమోజోము పొట్టి భుజంలోని ఒక భాగం తరచుగా పోతూ ఉంటుంది. పి-53 జన్యువు ఉన్నది అక్కడే. క్రోమోజోములు జంటలుగా ఉంటాయి గనుక, ఒకటి పోయినా రెండవది మిగిలి ఉంటుంది. రెండు కణితులలో ఆ మిగిలిన జన్యువును చదివి చూడగా, ఒకదానిలో 143వ స్థానంలోనూ, రెండవదానిలో 175వ స్థానంలోనూ అమైనో ఆమ్లం మారి ఉన్నది. అంటే కణంలో ఒక్క మంచి ప్రతి కూడా మిగలలేదు. మంచి ప్రతి లేకపోవడమే కేన్సరుకు దారి తీసింది.

1990లో మరొక నిదర్శనం దొరికినది. కొన్ని కుటుంబాలలో పిన్న వయస్సులోనే పలువురికి పలు రకాల కేన్సరులు రావటాన్ని ఫ్రెడరిక్ లీ, జోసెఫ్ ఫ్రామెని అనే వైద్యులు 1969లో గమనించారు. అట్టి ఐదు కుటుంబాలను పరీక్షించగా, ఐదింటిలోనూ పి-53 జన్యువులో పుట్టుకతో వచ్చిన మార్పు కనబడింది. దీనితో సందేహం తీరిపోయింది.

ఈ పొరపాటు దిద్దబడి ఉండకపోతే నష్టం పుస్తకాలకే పరిమితమై ఉండేది కాదు. పి-53 కేన్సరును పుట్టిస్తుందని నమ్మినవారు దానిని అణచే మందు కోసం వెదుకుతారు. అది కేన్సరును అరికడుతుందని తెలిసినవారు దాని బలాన్ని తిరిగి తెప్పించే మందు కోసం వెదుకుతారు. ఈ రెండు దారులూ ఎదురెదురు దిక్కులకు పోతాయి.

పి-53 చేసే పని

పి-53 కేన్సరును ఎట్లా అరికడుతుంది అన్నది తరువాతి ప్రశ్న. 1991లో వోగెల్‌స్టైన్ బృందమే దీనికి సమాధానం చూపింది. పి-53 డి.ఎన్.ఏ.లోని ఒక నిర్ణీతమైన అక్షరక్రమాన్ని గుర్తించి పట్టుకొంటుంది. కేన్సరు కణితులలో కనబడే మార్పులు గల పి-53 ఆ విధంగా పట్టుకోలేదు.

1992 నాటికి ఆ అక్షరక్రమం స్పష్టమైంది. అది పది అక్షరాల తునక. మొదటి మూడు ఏ గాని జి గాని కావాలి, నాలుగవది సి, తరువాతి రెండు ఏ గాని టి గాని, ఏడవది జి, చివరి మూడు సి గాని టి గాని కావాలి. ఇట్టి తునకలు రెండు, పక్కపక్కన గాని, పదమూడు అక్షరాలకు మించని ఎడంలో గాని ఉండాలి. నాలుగు పి-53 అణువులు జట్టుగా చేరి, ఒక్కొక్క తునకను ఇద్దరిద్దరు పట్టుకొన్నట్లుగా, దానిమీద కూర్చుంటాయి.

కిరణాల వల్ల గాని రసాయనాల వల్ల గాని డి.ఎన్.ఏ. దెబ్బతిన్నప్పుడు కణంలో పి-53 పెరుగుతుందని 1991లో తెలిసింది. పెరిగిన పి-53 తనకు చెందిన అక్షరక్రమాలను పట్టుకొని, వాటి సమీపంలోని జన్యువులను పనికి పురికొల్పుతుంది. 1993లో కనుగొన్న పి-21 అనే ప్రోటీను ఆ జన్యువులలో ఒకదాని నుంచి తయారవుతుంది. అది కణవిభజనను ఆపుతుంది. ఆ వ్యవధిలో కణం తన డి.ఎన్.ఏ.ను బాగుచేసుకొంటుంది. బాగుపడే అవకాశం లేకపోతే, పి-53 పురికొల్పే మరికొన్ని జన్యువుల వల్ల ఆ కణమే నశిస్తుంది. చెడిన రాతతో కణం రెండు కాకుండా ఈ విధంగా కాపాడుతున్నందువల్ల లేన్ 1992లో దీనిని జన్యుసంపదకు కావలిదారుగా అభివర్ణించాడు.

బాక్టీరియాలో మానవ ప్రోటీను

పై పరిశోధనలకు శుద్ధమైన పి-53 కావలసి ఉంటుంది. దానిని తయారుచేసే విధం తెలుసుకోదగినది. అసలు పాఠం గల మానవ జన్యువును ప్లాస్మిడ్‌లో అతికించి, ఎషెరీషియా కోలై అనే బాక్టీరియాలో ప్రవేశపెడతారు. జన్యువు ముందు ఒక తాళం వంటి ఏర్పాటు ఉంటుంది. బాక్టీరియాలు బాగా పెరిగేవరకు ఆ తాళం వేసి ఉంచి, తరువాత పాలచక్కెరను పోలిన ఒక రసాయనాన్ని కలిపి దానిని తెరుస్తారు. ఆ తాళం మరేదో కాదు; 1966లో గిల్బర్ట్, ముల్లర్-హిల్ అంత శ్రమపడి వేరుచేసిన నియంత్రక ప్రోటీనే. ఒకనాడు కొరతతో ఏడిపించిన ప్రోటీను నేడు ఇతర ప్రోటీనుల కొరత తీర్చే పనిముట్టు అయినది.

పి-53 సున్నితమైన ప్రోటీను. డి.ఎన్.ఏ.ను పట్టుకొనే దాని మధ్యభాగం సుమారు 44 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర విప్పుకొని చెడిపోతుంది. మన దేహపు వేడికి అది ఎంతో దూరం కాదు. అందుచేత తాళం తెరిచిన తరువాత బాక్టీరియాలను చల్లగా, తరచు 20 డిగ్రీలకు లోపున, పెంచుతారు. లేకపోతే ప్రోటీను సరిగా ముడుచుకొనక, ఉండలు కట్టి అడుగున చేరుతుంది. పిమ్మట బాక్టీరియాలను పగులగొట్టి ఆ రసాన్ని ఒక గొట్టం గుండా పంపుతారు. ప్రోటీను చివర హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఆరుసార్లు చేర్చి ఉంచినట్లయితే, గొట్టంలోని నికెల్ దానిని పట్టి ఉంచుతుంది. తక్కినవి కొట్టుకొని పోతాయి. డి.ఎన్.ఏ. వలెనే ఋణావేశం గల హెపారిన్ నింపిన గొట్టం ద్వారా కూడా శుద్ధి చేయవచ్చును. ప్రోటీనులో ఇమిడి ఉన్న జింకు పరమాణువు ఊడిపోకుండా జాగ్రత్తపడాలి. చివరకు గ్లిసరాల్ కలిపి, సున్నకు 80 డిగ్రీలు దిగువన భద్రపరుస్తారు.

తయారైన ప్రోటీను పనిచేస్తున్నదీ లేనిదీ తెలుసుకోవడానికి 1981లో ఏర్పడిన ఒక పద్ధతి ఉపయోగిస్తుంది. డి.ఎన్.ఏ. తునకకు గుర్తు పెట్టి, ప్రోటీనుతో కలిపి, జెల్లీ పలకలో విద్యుత్తు ప్రవహింపజేస్తారు. ఒంటరి డి.ఎన్.ఏ. వడిగా పోతుంది. ప్రోటీను పట్టుకొన్న డి.ఎన్.ఏ. బరువెత్తుకొన్న మనిషి వలె వెనుకబడుతుంది. పలకమీద రెండు గీతల మధ్య ఎడం చూడగానే సంగతి తెలిసిపోతుంది. అక్షరక్రమం మార్చిన తునకతో కూడా పరీక్షచేసి, దానిని ప్రోటీను పట్టుకోవడం లేదని నిశ్చయించుకోవాలి.

ఈ పద్ధతితోనే 1992లో లేన్ బృందానికి ఒక విశేషం కనబడింది. బాక్టీరియాలో తయారైన మానవ పి-53 అక్షరక్రమం ప్రకారం నిర్దోషమైనది, అయినా డి.ఎన్.ఏ.ను బలంగా పట్టుకోలేదు. దాని తోకకు ఒక ప్రతిరక్షకాన్ని తగిలించినా, తోకకు ఫాస్ఫేటును చేర్చినా, తోక చివరి 30 అమైనో ఆమ్లాలను తీసివేసినా బలంగా పట్టుకొన్నది. మానవ కణం ప్రోటీనును తయారుచేసిన తరువాత దానికి ఫాస్ఫేటు మొదలైన చిన్న చిన్న చేర్పులు చేస్తుంది. బాక్టీరియాకు ఆ చేర్పులు చేతకావు. కీటకాల కణాలు వాటిలో కొన్నిటిని చేయగలవు; అందువల్ల పి-53ను కీటకాల కణాలలో కూడా తయారు చేయిస్తారు. పొట్టి తునకల మీద కనబడిన ఈ భేదం పొడవైన డి.ఎన్.ఏ. మీద, కణంలో ఉన్నట్లు చుట్టుకొని ఉన్న డి.ఎన్.ఏ. మీద అంతగా లేదని తరువాతి పరిశోధనల వల్ల తెలిసింది. గాజు గొట్టంలో చూచినదానిని కణానికి అన్వయించేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలో దీనివల్ల విదితమవుతుంది.

రూపం కనబడటం

1994లో న్యూయార్కులోని స్లోన్-కెటరింగ్ సంస్థలో నికోలా పావ్లెటిచ్ బృందం బాక్టీరియాలో తయారైన పి-53 మధ్యభాగాన్ని డి.ఎన్.ఏ. తునకతో కలిపి స్ఫటికంగా మార్చింది. ఎక్స్-కిరణాలతో పరిశీలించగా ప్రోటీను డి.ఎన్.ఏ.ను పట్టుకొన్న తీరు కంటికి కట్టినట్లు తెలిసింది. మానవ కణాల నుంచి తీసిన అల్పమైన సరుకుతో ఇట్టి స్ఫటికాలను పెంచడం సాధ్యమయ్యేది కాదు.

కేన్సరు కణితులలో తరచుగా మారే స్థానాలను ఆ రూపంలో గుర్తించి చూచినప్పుడు, అవి డి.ఎన్.ఏ.కు ఆనుకొని ఉన్నచోటనే గుమికూడి కనబడినాయి. 248, 273 స్థానాలలోని ఆర్జినిన్‌లు డి.ఎన్.ఏ.ను స్వయంగా తాకుతాయి. అవి మారితే పట్టు జారుతుంది. 175వ స్థానంలోని ఆర్జినిన్ డి.ఎన్.ఏ.ను తాకదు గాని ఆ చోటును నిలబెట్టి ఉంచుతుంది. అది మారితే ప్రోటీను రూపమే చెడుతుంది. వైద్యులు కణితులలో చూచిన మార్పులకు అర్థం ఈ చిత్రంతో దొరికినది.

249వ స్థానపు సంగతి వేరుసెనగ పండించే తెలుగువారికి ప్రత్యేకంగా తెలియవలసినది. వేరుసెనగ, మొక్కజొన్నల మీద పెరిగే ఒక జాతి బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. ఈ విషం ఆహారంలో ఎక్కువగా కలిసే చైనా, దక్షిణ ఆఫ్రికా ప్రాంతాలలోని కాలేయ కేన్సరు రోగులను పరిశీలించిన రెండు బృందాలు, పలువురి కణితులలో పి-53 జన్యువు ఒకే చోట, 249వ స్థానంలో, మారి ఉన్నదని 1991లో ప్రకటించాయి. జి ఉండవలసిన చోట టి వచ్చి, ఆర్జినిన్‌కు బదులు సెరీన్ చేరుతున్నది. ఒక విషం జన్యువులో తన గుర్తును వదలిపోయినదనడానికి ఇది ప్రసిద్ధమైన ఉదాహరణ. కాయలను బాగా ఎండబెట్టి, తేమ తగలకుండా నిలువచేయవలసిన అవసరం దీనివల్ల మరింత స్పష్టమవుతుంది. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరువులో ఉన్న ఇక్రిశాట్ సంస్థ ఈ విషాన్ని తక్కువ ఖర్చుతో గుర్తించే పరీక్షా సాధనాలను రూపొందించింది.

మందుల అన్వేషణ

కేంబ్రిడ్జిలో అలెన్ ఫర్ష్ట్ బృందం పునస్సంయోజిత పి-53ను తీసుకొని, ఒక్కొక్క మార్పు వల్ల ప్రోటీను నిలుకడ ఎంత తగ్గుతుందో కొలిచింది. 220వ స్థానంలో టైరోసిన్‌కు బదులు సిస్టీన్ వచ్చినప్పుడు ప్రోటీను ఉపరితలం మీద చిన్న పగులు ఏర్పడుతుందని వారు కనుగొన్నారు. ఆ పగులులో సరిగా ఇమిడి, విప్పుకొని పోబోయే ప్రోటీనును నిలబెట్టే ఒక చిన్న అణువును 2008లో ప్రకటించారు. ఈ ఆలోచనను అనుసరించి తయారైన మందు ఒకటి తరువాతి కాలంలో రోగులమీద పరీక్షించే దశకు వచ్చినది. ఇట్టి మందులను వెదకటంలో మొదటి పరీక్ష గాజు గొట్టంలో, శుద్ధమైన ప్రోటీనుమీదనే జరుగుతుంది.

పునస్సంయోజిత పి-53ను నేడు కొన్ని మైక్రోగ్రాముల చొప్పున సీసాలలో అమ్ముతారు. అది పరిశోధనకు ఉద్దేశించినదే గాని ఔషధం కాదు. సీసా వచ్చిన వెంటనే పని ప్రారంభించకుండా పరిశోధకుడు కొన్ని ప్రశ్నలకు సమాధానం చూచుకోవాలి. అది 393 అమైనో ఆమ్లాలూ గల సంపూర్ణ ప్రోటీనా, మధ్యభాగం మాత్రమేనా? ఏ జీవిలో తయారైనది? చివర హిస్టిడిన్ వంటి చేర్పులు ఏమైనా ఉన్నాయా? 72వ స్థానంలో ఉన్నది ఆర్జినినా, ప్రోలీనా? ఈ రెండూ ఆరోగ్యవంతులైన మనుష్యులలో సహజంగా కనబడేవే గనుక, రెండింటిలో ఏది వాడినదీ వ్రాసి ఉంచటం అవసరం. అన్నిటికన్న ముఖ్యంగా, జన్యువు అక్షరక్రమం మొదటినుంచి చివరివరకు సరిచూడబడినదా?

1984లో జరిగిన పరీక్షలలో పనితనపు లోపం లేదు. లోపమంతా చేతిలో ఉన్న ప్రతిలోనే ఉన్నది. ఆ ప్రతిని మరొక ప్రతితో పోల్చి చూచేవరకు అది బయటపడలేదు. అక్షరక్రమాన్ని చదవటం ఆనాడు ఎన్నో వారాల శ్రమ. నేడు అది ఒకటి రెండు రోజులలో, స్వల్పమైన ఖర్చుతో తెలిసిపోతుంది. మన కళాశాలలలో, విశ్వవిద్యాలయాలలో జన్యువులతో పనిచేయబోయే విద్యార్థులు ఆ కొద్దిపాటి శ్రమను ఎన్నడూ వదలిపెట్టకుండా ఉండటానికి పి-53 చరిత్ర తగిన కారణం చూపుతున్నది.